నొప్పి లేని జబ్బు

మా ఇంట్లో పొద్దున్నే మొదటి పని స్టవ్ మీద నీళ్ళు పెట్టడం. టీకి కాదు, అత్తయ్య మోకాళ్ళకి. నీళ్ళు కాగాక రబ్బరు సంచీలో పోసి, మూత బిగించి, తలకిందులు చేసి కారడం లేదని చూసుకుని, తువ్వాలు చుట్టి తీసుకెళ్ళి ఇవ్వాలి. ఆవిడ మంచం మీద కాళ్ళు చాపుకుని "వచ్చావా తల్లీ" అంటుంది. అది అయ్యాక మా ఆయన నడుం బెల్టు. రాత్రి ఎక్కడ విప్పారో ఆయనకి గుర్తుండదు, నాకు గుర్తుండాలి. మా ఇంట్లో నొప్పికి ఉన్న మర్యాద ఇంకెవరికీ లేదు. నొప్పి ఉన్నవాళ్ళకి కుర్చీ జరుపుతాం, టీవీ గొంతు తగ్గిస్తాం, వాళ్ళు లేవకముందే ఏం కావాలో కనుక్కుంటాం. నొప్పి లేనివాళ్ళం ఇవన్నీ చేస్తాం. నొప్పి లేనివాళ్ళం అంటే నేనే.

పెళ్ళయిన కొత్తలో ఇది నా గొప్ప కింద చెప్పుకునేవాళ్ళు. "మా కోడలు రాయి. ఒక్కరోజు మంచం ఎక్కింది లేదు" అని అత్తయ్య ఇంటికి వచ్చినవాళ్ళందరి దగ్గరా అనేది. కాన్పయ్యాక నెల తిరక్కుండానే వంటింట్లో నిలబడ్డానని ఇప్పటికీ చెబుతుంది. నేనూ తక్కువదాన్ని కాదు, ఆ మాట వినడానికే పక్కగదిలో గిన్నెలు చప్పుడు చేయకుండా తుడిచేదాన్ని. రాయి అనిపించుకున్నాక మళ్ళీ మనిషినని నమ్మించడం ఎంత కష్టమో అప్పుడు నాకేం తెలుసు.

నేను స్కూలు యూనిఫారాలు కుట్టే వర్క్‌షాపులో కటింగ్ బల్ల దగ్గర పనిచేస్తాను. గుడ్డని పొరలు పొరలుగా పరిచి, పైన అట్ట నమూనా పెట్టి, సుద్దతో గీసి, పొరలు కదలకుండా గుండుసూదులు గుచ్చి, కత్తిరించే మాస్టరుకి అందించాలి. సూదులు డబ్బాలోంచి ఒక్కొక్కటే తీస్తూ కూర్చుంటే పని తెమలదు. అందుకని కొన్ని పెదాల మధ్య పెట్టుకుంటాను. మాస్టరు తిడతాడు, "మింగి చస్తే కేసు నా మీదికొస్తుంది" అని. కాస్త ఆలస్యమైతే "చేతులు పడిపోయాయా?" అని ఆయనే అరుస్తాడు. కాబట్టి సూదులు నోట్లోనే ఉంటాయి. అందులో ఒక సుఖం కూడా ఉంది, నోట్లో సూదులుండగా ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. ఇంటికెళ్ళాక కూడా రెండు సూదులు పెట్టుకుంటే బాగుండునని చాలాసార్లు అనుకున్నాను.

ఆ సూదుల్ని నాలుకతో ఎడమవైపుకి తోస్తుంటేనే ఒకరోజు తగిలింది. కింది దవడ పళ్ళకి లోపలివైపు, చిగురు మీద, నున్నగా, మెత్తగా, శనగగింజంత. నొక్కితే నొప్పి లేదు. సూది గుచ్చుకుని ఉంటుందనుకున్నాను. అనుకున్నాక ఇంకేముంది, తప్పు నాదే అయిపోయింది. మాస్టరు వద్దన్నా విన్నానా? లేదు. అనుభవించాల్సిందే. ఎవరికీ చెప్పలేదు. కాజాలు కుట్టే ఆవిడ ఒకతి ఉంది, మేమంతా కాజాలక్క అంటాం. ఆవిడ మాత్రం నేను భోజనం ఒకవైపే నములుతున్నానని పట్టేసింది. కిటికీ దగ్గరికి లాక్కెళ్ళి, నోరు తెరిపించి, "ఒంట్లో వేడి పిల్లా, ఉప్పునీళ్ళు పుక్కిలించు" అంది. పుక్కిలించాను. వాయిదా వేయడానికి ఉప్పునీళ్ళంత మంచి మందు లేదు.

అది చిక్కుడుగింజంత అయ్యాక పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాను, ఇంట్లో పన్ను పుచ్చిందని చెప్పి. ఆవిడ మొదట అడిగింది పొగాకు అలవాటుందా అని. లేదన్నాను. నిజమే చెప్పాను, అయినా దొంగతనం చేసి బుకాయిస్తున్నట్టు చెవులు వేడెక్కాయి. చిగుళ్ళు శుభ్రం చేసి, తగ్గకపోతే రమ్మంది. తగ్గలేదు. రెండోసారి వెళ్తే చిన్న ముక్క కోసి పరీక్షకి పంపింది. మూడోసారి వెళ్ళినప్పుడు తలుపు దగ్గరికి వేసి, నన్ను పేషెంట్ల కుర్చీలో కాకుండా తన ఎదురుగా కూర్చోబెట్టింది. అప్పుడే నాకు సగం అర్థమైంది.

"మామూలుగా చిగుళ్ళలో ఉమ్మి ఊరే గ్రంథులు ఉండవమ్మా. పెదాల లోపల, బుగ్గల్లో, అంగిట్లో ఉంటాయి. ఎక్కడో ఒకరికి దారి తప్పినట్టు చిగుళ్ళలో కూడా ఉంటాయి. వాటిలో గడ్డ లేవడం మరీ అరుదు. నేను చదువుకున్నానే గానీ చూడటం ఇదే మొదలు" అంది. క్యాన్సరే, కానీ నెమ్మదైన రకం, ఎముకలోకి దిగకముందే తీయించేస్తే నయమైపోతుంది అంది.

నేను అడిగిన మొదటి ప్రశ్న, "సూదుల వల్లా?"

"సూదులేంటి?"

చెప్పాను. కాదంది.

"సరిగ్గా తోముకోకపోవడం వల్లా?"

"కాదు."

"మరి నేనేం చేశానండీ?"

"మీరేం చేయలేదమ్మా. ఇది ఎందుకొస్తుందో ఎవరికీ తెలీదు."

ఆ మాటకి గుండె తేలికపడాలి కదా. పడలేదు. సూదులే కారణమని ఆవిడ చెప్పి ఉంటే బాగుండేది, ఇంటికెళ్ళి తలొంచుకుని "ఇక పెట్టుకోను" అనేదాన్ని, నాలుగు తిట్లు తినేదాన్ని, లెక్క సరిపోయేది. తప్పు చేయకుండా జబ్బు తెచ్చుకుని ఇంటికెలా వెళ్ళాలో నాకు తెలీలేదు. దారి పొడుగునా తప్పు వెతుక్కుంటూనే నడిచాను.

ఆ సాయంత్రం భోజనాలయ్యాక చెప్పాను. మా ఆయన లెక్కల లెక్చరరు. ఎవరు ఎవర్ని ఏం అడిగినా ముందు ఈయన దగ్గర్నుంచే జవాబొస్తుంది. మంచి మనిషి, నన్ను ఏనాడూ చేయెత్తి కొట్టలేదు. ఇది కూడా ఒక గొప్పేనా అని నా కూతురు అడుగుతుంటుంది. ఆయన మొహం ముందు పాలిపోయింది. తర్వాత అడిగారు.

"నొప్పి ఉందా?"

"లేదు."

"అసలు లేదా?"

"లేదు."

ఆయన మొహంలోకి రక్తం తిరిగి రావడం చూశాను. పాపం, నిజంగానే హడలిపోయారు, నిజంగానే తేరుకున్నారు. తేరుకున్నాక లెక్క మొదలుపెట్టారు. అత్తయ్య మోకాళ్ళ ఆపరేషన్‌కి ఎన్నాళ్ళుగానో ఎదురుచూస్తే మొన్ననే తేదీ దొరికింది. "ఆపరేషనయ్యాక అమ్మని లేపేదెవరు? పట్టుకుని నడిపించేదెవరు? స్నానం చేయించేదెవరు?" అన్నారు. మూడు ప్రశ్నలకీ జవాబు ఒకటే కాబట్టి నేను చెప్పలేదు. "ముందు అమ్మది కానిద్దాం. ఆవిడ లేచి తిరగడం మొదలెట్టాక నీది. నెమ్మదైన రకమని డాక్టరే అందిగా. నొప్పి కూడా లేదు."

అత్తయ్య మంచం మీంచి అంది, "నొప్పి లేకపోతే భయపడాల్సింది లేదమ్మా. ఈ డాక్టర్లకి పేర్లు పెట్టడం అలవాటు."

నేను "సరే" అన్నాను. ఎవరూ నా గొంతు మీద కాలేసి అనిపించలేదు. ఆవిడ బాత్రూం మెట్టు ఎక్కేటప్పుడు గోడ పట్టుకుని ఊపిరి బిగబట్టడం రోజూ చూస్తున్నదాన్ని. ఆ మోకాళ్ళని వెనక్కి నెట్టి నా చిక్కుడుగింజని ముందుకి తెచ్చుకోవడానికి నాకు నోరెలా వస్తుంది? ఏం చూపించాలి? వాపు బయటికి కనపడదు, జ్వరం లేదు, మూలుగు లేదు. నొప్పి కూడా లేని జబ్బు పట్టుకుని ఇంటిల్లిపాదినీ కదిలించడం నాకే అన్యాయంగా అనిపించింది.

కానీ నాలుకకి న్యాయం అన్యాయం తెలీదు. గుడ్డ మీద సుద్ద గీస్తుంటే అక్కడికే వెళ్తుంది. కూర కలుపుతుంటే అక్కడికే. కాస్త పెరిగిందా? లేదా? నిన్నటి కంటే గట్టిగా ఉందా? డాక్టరమ్మ ఫోన్ చేసి పెద్దాసుపత్రి సర్జన్ దగ్గరికి వెళ్ళారా అని అడిగింది. ఇంకా లేదంటే కోప్పడింది. "నెలలు ఆగితే ఎముకలోకి దిగుతుందమ్మా, అప్పుడు దవడే తీయాల్సొస్తుంది." ఆ మాట ఆయనకి చెప్పాను. "వాళ్ళు అలాగే భయపెడతారు" అన్నారు. ఇంకోసారి చెప్పాలని నోటిదాకా వచ్చేది. "నాకు భయంగా ఉంది" అన్న మాట మా ఇంట్లో ఎవరు ఎవరితో అనగా నేను వినలేదు. ఎలా మొదలుపెట్టాలో తెలీక, మింగేశాను.

అబద్ధం నేను అనుకుని చెప్పింది కాదు. మొదటిసారి దానంతటదే జరిగింది. ఒక మధ్యాహ్నం అందరం తింటున్నాం, నేను తొందరలో బుగ్గ కొరుక్కుని "అబ్బా" అన్నాను. చెయ్యి బుగ్గ మీదికి వెళ్ళింది. అంతే, ముగ్గురూ ఆగిపోయారు. ఆయన చేతిలో ముద్ద చేతిలోనే ఉంది. "ఏమైంది? నొప్పి మొదలైందా?" అన్నారు. అత్తయ్య కంగారుగా లేవబోయి, కాళ్ళు సహకరించక మళ్ళీ కూర్చుంది. నా కోసం వాళ్ళ మొహాల్లో అలాంటి కంగారు నేనెప్పుడూ చూడలేదు. బుగ్గ కొరుక్కున్నానని చెప్పడానికి నోరు తెరిచాను. "ఊఁ" అన్నాను.

ఆ "ఊఁ"కి కాళ్ళొచ్చాయి. ఆయన ఆ సాయంత్రమే పెద్దాసుపత్రికి వెళ్ళి సర్జన్‌ని చూడటానికి సమయం తీసుకొచ్చారు. డాక్టరమ్మ మాట చెప్పినా కదలనిది, బుగ్గ పట్టుకుంటే కదిలింది. ఇక ఆపడం నా వల్ల కాలేదు. ఆపితే వాళ్ళూ ఆపేస్తారు. నొప్పి పడటం అత్తయ్య దగ్గరే నేర్చుకున్నాను, ఇన్నేళ్ళు పక్కనుండి చూసినదాన్ని కదా. మాట మధ్యలో ఆపాలి. కళ్ళు సగం మూయాలి. ఎవరైనా అడిగితే "ఏం లేదులే" అనాలి. ఈ "ఏం లేదులే" మహా బాగా పనిచేస్తుంది. ఆవిడది నిజం నొప్పి. నేను ఆ నిజాన్నే దొంగిలించి వాడుకుంటున్నానని తెలుస్తూనే ఉంది. తెలిసీ వాడాను.

నేను లెక్క వేసుకోనిది ఒకటుంది, అత్తయ్య. రెండు రోజులు నా మూలుగు విని, మూడో రోజు కొడుకుని పిలిచింది. "నాది వెనక్కి జరిపించరా. ముందు దాని సంగతి చూడు" అంది.

"అమ్మా, ఈ తేదీ పోతే మళ్ళీ ఎప్పుడిస్తారో తెలీదు."

"నా మోకాళ్ళు ఎక్కడికి పారిపోతాయిరా? పారిపోగలిగితే ఇంకేం కావాలి?"

ఆయన నవ్వారు. నా కూతురు నవ్వింది. నేను వంటింట్లోకి వెళ్ళి కుళాయి తిప్పి నిలబడ్డాను. ఆ తేదీ ఇంకెవరికో ఇచ్చేశారు.

ఆవిడ నన్ను తిట్టి ఉంటే, సాధించి ఉంటే, నా అబద్ధానికి ఒక సమాధానం ఉండేది. ఆవిడ ఆ అవకాశం కూడా ఇవ్వలేదు. ఒక చెయ్యి గట్టు మీద ఆనించి, ఒక కాలి మీద బరువేసి, నా కోసం అన్నం మెత్తగా ఉడికించింది. నేను లేవబోతే "కూర్చో" అని గదమాయించింది. కూర్చున్నాను. ఆవిడ ఒక అడుగు పక్కకి వేస్తే మోకాలి చిప్ప చేసే చప్పుడు నాకు వినపడేది. ఆ అన్నం గొంతు దిగలేదని చెప్పాలనుంది గానీ దిగేది. ఆకలేసేది, కమ్మగా ఉండేది, పళ్ళెం ఖాళీ చేసేదాన్ని. అంతకంటే సిగ్గుచేటు ఇంకోటి లేదు. వర్క్‌షాపులో కాజాలక్క "ఒళ్ళు చేశావే, జబ్బు నీకు పడినట్టుంది" అని ఎగతాళి చేసింది. తనకీ నిజం చెప్పలేదు.

ఒకరోజు పొద్దున నేను నీళ్ళు పెట్టడానికి లేచేసరికే స్టవ్ వెలుగుతోంది. అత్తయ్య రబ్బరు సంచీ మూత బిగిస్తోంది. తువ్వాలు చుట్టి నా చేతికిచ్చింది.

"బుగ్గకి పెట్టుకో. నొప్పి కాస్త తగ్గుతుంది."

"మీ మోకాళ్ళకి?"

"నీది చల్లారాక పెట్టుకుంటాలే."

పెట్టుకున్నాను. ఆవిడ ఎదురుగా కూర్చుని చూస్తోంది కాబట్టి తీసేయడానికి లేదు. వెచ్చగా ఉంది, హాయిగా ఉంది. "తగ్గుతోందా?" అంది. "తగ్గుతోంది" అన్నాను. అప్పుడే చెప్పేయాలి. చెప్పాల్సిన మాటలన్నీ వరసగా ఉన్నాయి. చెబితే ఏమవుతుందో కూడా తెలుసు, సర్జన్ దగ్గరికి వెళ్ళడం ఆగిపోతుంది, ఆవిడ కొత్త తేదీ కోసం మళ్ళీ పరుగులు మొదలవుతాయి, నేను మళ్ళీ రాయినైపోతాను. సంచీ చల్లారేదాకా పెట్టుకుని, ఆ తర్వాత ఆవిడకిచ్చాను. గోరువెచ్చగా కూడా లేదు.

నా కూతురు ఇంటర్ చదువుతోంది. అదీ నేనూ డాబా మీద ఆరేసిన బట్టలు మడతపెడుతుంటే, తలెత్తకుండా "అమ్మా, ఎడమవైపు" అంది.

"ఏంటి?"

"నీ నొప్పి. ఎడమవైపు కదా. ఇందాక నాన్న వచ్చినప్పుడు కుడిబుగ్గ పట్టుకున్నావు."

నా చేతిలో దుప్పటి కొస జారిపోయింది. అది ఆ కొసని అందుకుని నా చేతికిచ్చి, "నాన్న చూడలేదులే. నానమ్మ చూసింది. రెండువైపులా లాగుతుందని నేనే సర్దిచెప్పా" అంది.

"నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదట్నుంచీ. మొదటి రోజు బుగ్గ కొరుక్కున్నావుగా, నేను నీ పక్కనే ఉన్నా." నవ్వింది. "దానికేముందమ్మా, అందరం అంతేగా. కాలేజీలో అలసటగా ఉంది, ఇంటికెళ్తానంటే పంపించరు. కడుపునొప్పని మెలికలు తిరిగితే ఆటో ఎక్కించి మరీ పంపిస్తారు. నువ్వు ఇంకా సరిగ్గా చేయట్లేదు. నేర్పించనా?"

తప్పమ్మా అలా చేయకూడదు అని చెప్పాల్సింది నేను. ఏ మొహంతో చెప్పను? బాధపడుతున్నట్టు కనపడితే తప్ప ఆడపిల్లకి కుర్చీ వేయరని నేను దానికి ఏనాడూ చెప్పలేదు. ఇంట్లో నన్ను చూసే నేర్చుకుంది. ఇప్పుడు నేనే దాని దగ్గర పాఠం చెప్పించుకునే స్థితిలో ఉన్నాను. దుప్పటి మడతపెట్టి చంకలో పెట్టుకుని కిందికి దిగిపోయాను.

ఆసుపత్రికి వెళ్ళే రోజు అత్తయ్య చీర మార్చుకుని చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది. మీరెందుకన్నాను. "నీకేం చెబుతారో నేను వినొద్దా?" అంది. తీరా వెళ్తే లిఫ్ట్ పనిచేయట్లేదు. సర్జన్ పై అంతస్తులో. మా ఆయన కాగితాలు పట్టుకుని ముందు వెళ్ళిపోయారు. అత్తయ్య ఒక్కో మెట్టుకీ రెండు పాదాలూ ఆనించి, కమ్మీ పట్టుకుని, పళ్ళు బిగపట్టి ఎక్కింది. వెనక నేను, ఆవిడ వీపు మీద చెయ్యేసి. దారిలో ఆగి ఆయాసపడుతూ, "నీకు నొప్పెక్కువైతే చెప్పు, కాసేపు ఆగుదాం" అంది. ఆగింది తన కోసం కాదట, నా కోసమట. ఆ మెట్ల మీదే కూలబడి ఏడవాలనిపించింది.

సర్జన్ పొట్టిగా, చురుగ్గా ఉన్నాడు. మాట్లాడేటప్పుడు నావైపు కాకుండా మా ఆయనవైపు చూస్తున్నాడు. వాళ్ళు చెప్పగా ముందురోజు తీయించుకున్న స్కాన్ వెలుతురుకి పట్టి చూసి "ఎముక శుభ్రంగానే కనపడుతోంది" అన్నాడు. తొడుగులేసుకుని నా నోట్లో వేళ్ళు పెట్టి గడ్డని అటూ ఇటూ కదిపాడు. కదుపుతూ అడిగాడు.

"నొప్పి ఉందా?"

నా నోట్లో సర్జన్ వేళ్ళున్నాయి. మా ఆయన చెప్పారు, "చాలా ఉంది డాక్టర్. తినలేకపోతోంది, పడుకోలేకపోతోంది."

"బుగ్గంతా లాగేస్తోంది నాయనా, మేం చూడలేకపోతున్నాం" అంది అత్తయ్య.

వేళ్ళు ఆగాయి. "కింది పెదవి తిమ్మిరిగా ఉంటుందా?"

"ఉండే ఉంటుంది" అన్నారు మా ఆయన.

సర్జన్ తొడుగులు తీసి కూర్చున్నాడు. ఇందాకటి చురుకు లేదు. ఒక కాగితం మీద దవడ బొమ్మ గీసి, ముందు చిన్న గీత పెట్టాడు. "స్కాన్ చూసి ఇంతే అనుకున్నాను. కానీ ఇంత చిన్న గడ్డకి అంత నొప్పి, తిమ్మిరి ఉన్నాయంటే నరాన్ని పట్టుకుందేమోనని అనుమానించాలి. ఇంకో స్కాన్ తీద్దాం. కానీ మనసు సిద్ధం చేసుకోండి. అలా అయితే చిగురు తీస్తే సరిపోదు." ఆ చిన్న గీతకి బయట పెద్ద గీత గీశాడు. "ఇక్కణ్ణుంచి ఇక్కడిదాకా దవడ ఎముక తీయాలి. నరం కూడా. పెదవి సగం మొద్దుబారిపోతుంది. తర్వాత రేడియేషన్ ఇవ్వాలి."

ఆ పెద్ద గీత నా అబద్ధం. బొమ్మ మీద ఎంత పొడుగుందో చూశాను. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఒక్క క్షణం, పోతే పోనీలే దవడ అనుకున్నాను. కొత్త స్కాన్‌లో నిజం అదే బయటపడుతుందిలే, నేను నోరు విప్పనక్కర్లేదులే అని కూడా అనుకున్నాను. ఈ మనిషి ఈ మోకాళ్ళతో ఇన్ని మెట్లెక్కి వచ్చి నా పక్కన కూర్చుని ఉండగా, అది నాటకమని చెప్పడం కంటే దవడ పోవడమే తేలిక అనిపించింది. నాకు నా ఎముక మీద ఉన్న జాలి అంతేనన్నమాట. అది గమనించాక మాత్రం నాకు నిజంగా భయమేసింది, గడ్డని చూసి కూడా అంత భయం వేయలేదు.

"నొప్పి లేదు" అన్నాను.

సర్జన్ మొదటిసారి నావైపు చూశాడు. "ఇప్పుడు లేదా?"

"ఎప్పుడూ లేదండీ. తిమ్మిరి కూడా లేదు. ఇంట్లో అబద్ధం చెప్పాను."

"టెన్షన్‌లో ఏదో అంటోంది డాక్టర్" అన్నారు మా ఆయన. "నేను చూస్తున్నానుగా, రోజూ..."

"నోరు నాది. నాకు తెలీదా?"

గట్టిగానే అన్నాను. సర్జన్ నన్నే చూస్తూ పిన్ను మొనతో పెదవి మీద, గడ్డం మీద తాకి, తెలుస్తోందా, ఇక్కడ తెలుస్తోందా అని అడిగాడు. తెలుస్తోందన్నాను. పెద్ద గీతని కొట్టేశాడు. "అయితే మంచి మాట చెప్పారమ్మా. గడ్డ, చుట్టూ కాస్త చిగురు, రెండు పళ్ళు, ఎముక అంచు. అంతే. వచ్చే వారంలోనే చేసేయొచ్చు" అన్నాడు.

తేదీ రాసుకోవడానికి పెన్ను తీసిన మా ఆయన రాయకుండా ఆగారు. నావైపు చూడలేదు. "నొప్పే లేదంటే... అంత తొందరేం ఉండదు కదా డాక్టర్? ఇంట్లో అమ్మకి కూడా ఆపరేషన్ చేయించాలి. దాని తర్వాత..."

"నెలలు ఆగడం నేను ఒప్పుకోను. ఆపైన మీ ఇష్టం."

అత్తయ్య నా మోచెయ్యి పట్టుకుంది. గట్టిగా కాదు.

"ఒక్కరోజు కూడా లేదా?"

"లేదత్తయ్యా."

"సంచీ బుగ్గకి పెట్టుకున్నావు. తగ్గుతోందన్నావు."

"అన్నాను."

"నా తేదీ వదులుకున్నానే నీ కోసం."

"తెలుసు." ఆవిడ చెప్పులవైపు చూస్తూ అన్నాను. "తప్పే. మీ కాళ్ళు పట్టుకున్నా పోదు."

"భయంగా ఉందని చెప్పొచ్చుగా. నొప్పని ఎందుకు చెప్పావు?"

"భయమంటే మీరు తేదీ వదులుకునేవాళ్ళా?"

ఆవిడ నావైపు చూసింది. కోపం ఉంది. అవమానం ఉంది. అన్నిటికంటే ఎక్కువగా, ఆలోచిస్తోంది. అబద్ధం చెప్పదలుచుకోలేదని తెలుస్తోంది.

"లేదు" అంది. "వదులుకునేదాన్ని కాదు."

నా మోచెయ్యి వదిలేసి తన మోకాలి మీద చెయ్యి పెట్టుకుంది. ఇప్పుడైనా "ముందు అత్తయ్యదే కానివ్వండి" అనేస్తే అందరం తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాం. ఆయన ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నారు. నేను అంటానని ఆయనకి నమ్మకం కూడా ఉంది, పెన్ను జేబులో పెట్టేసుకున్నారు. నేను తలెత్తి ఎవర్నీ చూడలేకపోయాను. తలొంచుకునే అన్నాను.

"నాకు నొప్పి లేదు డాక్టరుగారూ. వచ్చే వారమే చేయండి."